రెండిళ్ల భోజనం

ఖైరతాబాద్‌లో ఒక తండ్రి, అమీర్‌పేటలో ఒక తల్లి. ఇద్దరికీ ఒక్కడే కొడుకు. వాణ్ని రెండిళ్లలోనూ చిన్నా అనే పిలిచేవారు. వాడికి ఆరేళ్లు నిండిన ఏడాదే తల్లిదండ్రులు విడిపోయారు. ఎవరి తప్పెంత అన్నది ఈ కథకు అక్కర్లేదు. తండ్రికి బండ్ల స్పేర్ పార్టుల దుకాణం ఉంది. తల్లి అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సులు చెప్పే ఇన్‌స్టిట్యూట్‌లో టీచర్. రచ్చకెక్కడం ఇష్టంలేక, హిందూ వివాహ చట్టంలోని 13-బి కింద పరస్పర అంగీకారంతో విడాకులకు పిటిషన్ వేసుకున్నారు. పురానీ హవేలీలోని ఫ్యామిలీ కోర్టు చుట్టూ కొన్నిసార్లు తిరిగారు. గడువు తీరింది, డిక్రీ వచ్చింది.

ఆ ఒప్పందంలో పెళ్లినాటి బంగారం గురించి, సామాను గురించి రెండు పేజీలున్నాయి. పిల్లాడి గురించి నాలుగు వాక్యాలున్నాయి. పిల్లాడు తల్లి దగ్గర ఉంటాడు. ప్రతి ఆదివారం పొద్దున పదింటి నుంచి సాయంత్రం ఏడింటి దాకా తండ్రి దగ్గర ఉంటాడు. దసరా సెలవులు, ఎండాకాలం సెలవులు చెరిసగం. బడి ఫీజు, నెలనెలా ఖర్చులకు డబ్బు తండ్రి ఇవ్వాలి. చుట్టాలందరూ గొడవ లేకుండా తేలిపోయిందని ఊపిరి పీల్చుకున్నారు.

రెండిళ్ల మధ్య దూరం కూడా పెద్దదేం కాదు. ఖైరతాబాద్‌లో మెట్రో ఎక్కితే ఎర్రమంజిల్, పంజాగుట్ట దాటి మూడో స్టేషనే అమీర్‌పేట. ఆదివారం పొద్దున తల్లి పిల్లాణ్ని స్టేషన్ మెట్ల దగ్గరికి తెచ్చేది. తండ్రి వచ్చి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లేవాడు. ఇద్దరి మధ్యా మాట ఉండేది కాదు. వాచీ చూసుకోవడం మాత్రం ఉండేది.

ఖైరతాబాద్ ఇంట్లో నానమ్మ. వారానికొక్క రోజు వచ్చే మనవడి కోసం పొద్దున్నే కోడికూర వండి, బగారన్నం చేసేది. మధ్యాహ్నం తిన్నది చాలదని, సాయంత్రం ఆరున్నరకు మళ్లీ కంచం ముందు కూర్చోబెట్టేది. "ఆడ ఏం పెడ్తరో ఏమో, కడుపునిండ తిని పో బిడ్డా" అనేది. తండ్రి పక్కనే కూర్చుని, "పొద్దుగాల అమ్మ ఏం పెట్టింది?" అని అడిగేవాడు.

అమీర్‌పేట ఇంట్లో అమ్మమ్మ. వాళ్లది గుంటూరు వైపు. ఆదివారం రాత్రి చికెన్ పలావు చేసి, మనవడు వచ్చేదాకా ఎవరినీ తిననిచ్చేది కాదు. తల్లికి లోపల ఒక బాధ ఉండేది. వారం పొడుగునా లేపడం, స్నానం, హోంవర్క్, జ్వరం, కోప్పడటం అన్నీ తన వంతు. ఆటలూ ముద్దులూ మాత్రం ఆదివారం వంతు. ఆ బాధ ఒక ప్రశ్నగా బయటికొచ్చేది. చెప్పులు విప్పకముందే, "ఏం పెట్టారు నాన్నా అక్కడ?" అనేది.

మొదట్లో చిన్నా ఉన్నదున్నట్టు చెప్పాడు. "నానమ్మ కోడికూర చేసింది. నాలుగు ముక్కలు తిన్నా." తల్లి ఏమీ అనలేదు. పలావు గిన్నె మీద మూతపెట్టి లోపలికి వెళ్లిపోయింది. ఆ రాత్రి వాడితో మాట్లాడలేదు. ఏడుపు ఆపుకోవడానికే మాట్లాడలేదు గానీ, ఆరేళ్ల పిల్లాడికి ఏడుపు ఆపుకోవడానికీ కోపానికీ తేడా ఎట్లా తెలుస్తుంది? వాడికి అర్థమైంది ఒక్కటే: అక్కడ తిన్నానని చెబితే అమ్మ మాట్లాడదు. తర్వాతి ఆదివారం ఖైరతాబాద్‌లో సాయంత్రం కంచం ముందు, "ఆకలి లేదు నానమ్మా" అన్నాడు. ఆమె కొంగుతో కళ్లొత్తుకుంది. "మా ఇంటి బువ్వ చేదైందా బిడ్డా?" అంది. తండ్రి ముఖం చిన్నబోయింది.

అప్పుడు వాడొక దారి వెతుక్కున్నాడు. ఆరున్నరకు అక్కడ తినేవాడు. ఎనిమిదింటికి ఇక్కడ తినేవాడు. ఎవరు అడిగినా, "వాళ్లేం పెట్టలేదు" అనేవాడు. ఆ మాట వినగానే రెండిళ్లలోనూ ఒకటే జరిగేది. అవతలివాళ్ల మీద మండిపడేవారు, వాణ్ని దగ్గరికి తీసుకునేవారు. ఎవరూ ఏడ్చేవారు కాదు.

అట్లా రెండేళ్లు గడిచాయి. ఒక ఆదివారం రాత్రి చిన్నా కడుపు పట్టుకుని మెలికలు తిరిగాడు, రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. సోమవారం తల్లి పంజాగుట్టలో పిల్లల డాక్టరుకు చూపించింది. ఆయన కడుపు నొక్కి చూసి, మందు రాసి, చీటీ మీద ఒక మాట కూడా రాశాడు: అతిగా తినడంవల్ల అజీర్తి, రాత్రిపూట తక్కువ పెట్టండి. తల్లి చీటీ మందుల వరకే చదివింది. పాచిపోయిందేదో పెట్టి ఉంటారని తేల్చుకుంది. ఆ తర్వాత రెండు ఆదివారాలు పిల్లాణ్ని పంపలేదు. బిడ్డను చూపించనప్పుడు డబ్బెందుకని తండ్రి ఆ నెల డబ్బు ఆపేశాడు.

ఆ మధ్యలోనే వినాయక చవితి వచ్చింది. 1954లో సింగరి శంకరయ్య ఒక్క అడుగు విగ్రహంతో మొదలుపెట్టిన ఖైరతాబాద్ గణేశుణ్ని చూడటానికి ఎక్కడెక్కడివాళ్లో వచ్చి, ఆ తండ్రి ఉండే గల్లీ ముందునుంచే నడిచి వెళ్లారు. చిన్నా మాత్రం రాలేదు. ఒప్పందంలో చవితి మాట లేదు కదా అంది తల్లి.

ఇక పిటిషన్లు పడ్డాయి. తల్లి పస్తులు పెడుతోంది, బిడ్డను పూర్తిగా నాకే ఇవ్వండి అని తండ్రి వేశాడు. తండ్రి ఇంట తిండి పెట్టడం లేదు, పెట్టినా పాడైంది పెడుతున్నారు, ఆదివారాలు రద్దు చేసి కోర్టు ఆవరణలోనే గంటసేపు చూసుకోనివ్వండి అని తల్లి వేసింది. డాక్టర్ చీటీని సాక్ష్యంగా జతచేసింది. ఇద్దరూ అఫిడవిట్ మీద ప్రమాణం చేశారు. ఇద్దరూ నిజమని నమ్మే చేశారు. కన్నకొడుకే చెప్పాడు కదా!

జడ్జమ్మ ఆ మూడు కాగితాలూ టేబుల్ మీద పక్కపక్కన పెట్టుకుని చదివింది. ఒక అఫిడవిట్ ప్రకారం పిల్లాడు తల్లి ఇంట్లో పస్తు. రెండో అఫిడవిట్ ప్రకారం తండ్రి ఇంట్లో పస్తు. డాక్టర్ చీటీ ప్రకారం కడుపు పట్టనంత తింటున్నాడు. ఆమె పిల్లాణ్ని ఒక్కణ్నే ఛాంబర్‌లోకి పిలిపించింది.

చిన్నా రెండు జవాబులు కంఠతా పట్టి వచ్చాడు. "ఎవరి దగ్గర ఉంటావని అడుగుతరు, నాన్న దగ్గరని చెప్పు" అని ఒకరు నేర్పారు. "అమ్మ దగ్గరేనని చెప్పు నాన్నా" అని ఇంకొకరు నేర్పారు. ఏది చెప్పాలో తెలియక చొక్కా గుండీ తిప్పుతూ నిలబడ్డాడు. జడ్జమ్మ ఆ ప్రశ్న అడగలేదు.

"కడుపునొప్పి వచ్చిన రోజు రాత్రి ఏం తిన్నావు చిన్నా?" అంది.

"ఎక్కడ?" అన్నాడు వాడు.

ఆ ఒక్క మాటతో ఆమెకు కేసు అర్థమైంది. అయినా వాణ్నే చెప్పనిచ్చింది. బగారన్నం, కోడికూర, తర్వాత పలావు. రెండుచోట్లా ఎందుకు తిన్నావంటే, "ఒకచోట తింటే ఇంకోచోట ఏడుస్తారు" అన్నాడు. మరి ఏమీ పెట్టలేదని ఎందుకన్నావంటే, "అట్ల చెప్తే అందరూ మంచిగుంటరు" అన్నాడు.

జడ్జమ్మ తల్లినీ తండ్రినీ లోపలికి పిలిచింది.

"మీ ఇద్దరి పిటిషన్లూ మీ అబ్బాయే రాశాడు. మీరు ఏం వింటే శాంతిస్తారో అది చెప్పాడు. మీరు దాన్ని సాక్ష్యమనుకుని నా దగ్గరికి తెచ్చారు. మీ పిల్లాణ్ని ఎవరూ పస్తు పెట్టడం లేదు. మీ ఇద్దరి ముఖాలూ చూసుకోవడానికే వాడు రెండు భోజనాలు చేస్తున్నాడు."

తండ్రి తల వంచుకున్నాడు. తల్లి చీటీ చేతిలోకి తీసుకుని, మందుల కింద రాసి ఉన్న ఆ మాటను అప్పుడు చదివింది.

కస్టడీ మారలేదు. ఆదివారాలు రద్దు కాలేదు. పోయిన రెండు ఆదివారాలకు బదులు రెండు రోజులు ఇవ్వమంది జడ్జమ్మ. ఆగిన డబ్బు కట్టమంది. ఆదివారం రాత్రి భోజనం ఒక వారం ఖైరతాబాద్‌లో, ఒక వారం అమీర్‌పేటలో అని రాయించింది. ఏ పండగ ఎక్కడో పేరుపేరునా రాయించింది. ఇద్దరినీ కొన్నాళ్లు కౌన్సెలర్ దగ్గరికి వెళ్లమంది. ఆర్డర్‌లో లేని మాట ఒకటి నోటితో చెప్పింది: "ఇంటికి రాగానే అక్కడ ఏం పెట్టారని అడగకండి."

అడగకుండా ఉండటం ఇద్దరికీ కష్టమైంది. మొదటి ఆదివారం చిన్నా ఇంట్లోకొచ్చి, చెప్పులు విప్పి, తల్లి ముఖంలోకే చూస్తూ నిలబడ్డాడు. ఆమె గొంతుదాకా వచ్చిన ప్రశ్నను మింగి, "బాగా ఆడుకున్నావా?" అంది. వాడు వెంటనే జవాబివ్వలేదు. ఈ ప్రశ్నకు ఏం చెబితే అమ్మ ఏడవదో వాడికింకా తెలియదు. తనంతట తాను, "ఈరోజు నానమ్మ గారెలు చేసింది, బాగున్నయ్" అనడానికి నెలలు పట్టింది. ఆ మాట వచ్చిన రోజు తల్లి, "అవునా, ఎన్ని తిన్నావేంటి?" అంది. ఆ అడగడంలో లెక్క లేదు.

ఆ తల్లీ తండ్రీ మళ్లీ కలవలేదు. కలవాల్సిన అవసరమూ రాలేదు. మరుసటి చవితికి తల్లే పిల్లాణ్ని ఖైరతాబాద్ తీసుకెళ్లి, తండ్రికి అప్పజెప్పి, రాత్రి ఎనిమిదింటికి వస్తానని చెప్పి తిరిగొచ్చింది. చిన్నాకు ఆ తర్వాత ఆదివారం కడుపునొప్పి రాలేదు.

నీతి

విడిపోయిన తల్లిదండ్రుల మధ్య బిడ్డ ఏ ఇంట్లోనూ అబద్ధమాడాల్సిన పనిలేకుండా చూడటమే నిజమైన కస్టడీ. గంటలు పంచుకోవడం దాని తర్వాతి సంగతి.

మన చట్టం సారాంశం కూడా ఇదే. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం అన్ని మతాలవారికీ వర్తిస్తుంది. 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టంలోని 13వ సెక్షన్ బిడ్డ క్షేమమే అన్నిటికన్నా ముఖ్యమని సూటిగా చెబుతుంది. పిల్లలు తల్లిదండ్రుల సొత్తూ కాదు, ఆటవస్తువులూ కాదని సుప్రీంకోర్టు 1973లోనే, రోజీ జాకబ్ కేసులో చెప్పింది. ఐదేళ్లలోపు బిడ్డ మామూలుగా తల్లి దగ్గర ఉండాలని 1956 చట్టం అంటుంది. ఐదు దాటితే తండ్రికి వచ్చేస్తాడని దానికి అర్థం చెప్పేవాళ్లున్నారు, అది తప్పు. ఐదు దాటాక కూడా చూసేది క్షేమమే. ముస్లిం కుటుంబాల్లో హనఫీ పద్ధతి ప్రకారం కొడుకుకు ఏడేళ్లు నిండేదాకా, కూతురు ఈడేరేదాకా తల్లికి హిజానత్, అంటే బిడ్డను తన దగ్గర ఉంచుకుని పెంచే హక్కు, ఉంది. అక్కడ కూడా కోర్టు బిడ్డ మేలును పక్కన పెట్టదు.

కస్టడీ తల్లికొస్తే తండ్రికి సంబంధం తెగిపోయిందనుకోవడం ఇంకో పొరపాటు. బిడ్డ ఎవరి దగ్గర పెరుగుతాడన్నది ఒకటి, చట్టం దృష్టిలో సంరక్షకులెవరన్నది మరొకటి. తల్లికి ఆ సంరక్షక స్థానం తండ్రి బతికుండగా రాదని చాలాకాలం అనుకున్నారు. తండ్రి ఉన్నా, బిడ్డ బాగోగులకు దూరంగా ఉంటే తల్లే సహజ సంరక్షకురాలు కావచ్చని 1999లో గీతా హరిహరన్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

"పర్మనెంట్ కస్టడీ" అని వకీళ్లు వాడే మాట విని చాలామంది హడలిపోతారు, అదే జీవితాంతపు తీర్పనుకుని ఆఖరి రూపాయిదాకా పోరాడతారు. హిందూ వివాహ చట్టం 26వ సెక్షన్ ప్రకారం పిల్లల కస్టడీ, పోషణ, చదువుల గురించిన ఆదేశాలను కోర్టు పరిస్థితిని బట్టి మార్చవచ్చు. ఆరేళ్ల పిల్లాడికి సరిపోయిన ఏర్పాటు పదమూడేళ్లకు సరిపోకపోవచ్చు. బిడ్డతోపాటు ఏర్పాటూ ఎదగాలి.

డబ్బుకూ చూపుకూ ముడిపెట్టడం ఈ కథలోని తండ్రి చేసిన తప్పు. డబ్బు కట్టలేదని బిడ్డను చూపించకపోవడం, చూపించలేదని డబ్బు ఆపడం రెండూ చెల్లవు. పోషణ బిడ్డకు రావాల్సింది. తల్లీ తండ్రీ ఇద్దరి సావాసమూ బిడ్డకు రావాల్సిందే. ఎదుటివాళ్లు తమ బాధ్యత తప్పారని మనం బిడ్డకు రావాల్సింది ఆపితే, నష్టపోయేది ఆ తప్పుతో ఏ సంబంధమూ లేని బిడ్డ.

"ఎవరి దగ్గర ఉంటావు?" అన్న ప్రశ్న గురించి కూడా చెప్పాలి. తెలివిగా ఇష్టం చెప్పగల వయసు వచ్చిన బిడ్డ మాటను కోర్టు పరిగణించవచ్చని 1890 చట్టం 17వ సెక్షన్ అంటోంది. జడ్జి ఛాంబర్‌లో, ఓపికగా, అనుభవంతో అడగాల్సిన ప్రశ్న అది. ఇంట్లో మేనత్తలూ మేనమామలూ, తాతలూ బామ్మలూ అన్నం కలుపుతూ అడగాల్సిన ప్రశ్న కాదు. అడిగిన ప్రతిసారీ బిడ్డ ఒకరిని వదులుకోవాలి. పెద్దవాళ్లు ప్రేమతోనే అడుగుతారు. చిన్నా కడుపు పాడైంది ప్రేమ తక్కువై కాదు.

ఉమ్మడి కస్టడీకి చట్టంలో చోటివ్వాలని లా కమిషన్ 2015లో తన 257వ నివేదికలో సిఫార్సు చేసింది. ఖైరతాబాద్, అమీర్‌పేటల్లా రెండిళ్లూ దగ్గరగా ఉన్నవాళ్లకు అది అసాధ్యమేం కాదు. ఒకరు హైదరాబాద్‌లో, ఇంకొకరు డాలస్‌లో ఉంటే సంగతి వేరు. పిల్లల అపహరణ గురించిన 1980 నాటి హేగ్ ఒప్పందంలో భారతదేశం చేరలేదు. అందుకే అమెరికా నుంచి బిడ్డను తీసుకొచ్చేసిన కేసుల్లో మన కోర్టులు ఒక్కో బిడ్డ మేలును ఒక్కో కేసుగా చూసుకోవాల్సి వస్తోంది. అంత దూరాన ఉన్నా బంధం తెగకూడదని, కస్టడీ లేనివారు బిడ్డతో రోజూ ఐదు పది నిమిషాలైనా మాట్లాడగలగాలని, వీడియో కాల్ సౌకర్యం ఉన్నచోట దాన్ని వాడాలని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది.

విడాకుల దారిలో ఉన్న తల్లిదండ్రులకు నేను చెప్పేది ఇది. బంగారానికి రెండు పేజీలు రాసుకుంటే బిడ్డకు నాలుగు పేజీలు రాసుకోండి. ఏ పండగ ఎక్కడ, పుట్టినరోజు ఎవరితో, జ్వరమొస్తే ఎవరికి ఫోన్, బడిలో పేరెంట్స్ మీటింగ్‌కు ఎవరు, ఆదివారం రాత్రి అన్నం ఏ ఇంట్లో, అన్నీ రాయండి. ఇప్పుడు సంకోచంతో వదిలేసిన ప్రతి ఖాళీనీ రేపు మీ కోపం పూరిస్తుంది. ఫ్యామిలీ కోర్టులో కౌన్సెలర్ దగ్గరికి వెళ్లమంటే నామోషీ పడకండి. 1984 నాటి ఫ్యామిలీ కోర్టుల చట్టం గెలుపోటములకన్నా ముందు రాజీకి ప్రయత్నించమని కోర్టుకే బాధ్యత పెట్టింది.

అన్నిటికన్నా ముందు, బిడ్డ మీ దగ్గరికొచ్చి ఎదుటివాళ్ల మీద చాడీ చెబితే తొందరపడి దాన్ని వకీలు దగ్గరికి మోసుకెళ్లకండి. నిజంగా దెబ్బ తగిలినా, ఆకలితో ఉన్నా, భయపడుతున్నా అది చాలాసార్లు బిడ్డ ఒంట్లో, నిద్రలో, చదువులో కనిపిస్తుంది; డాక్టర్‌కు చూపించండి, బడిలో టీచర్‌ను అడగండి. ప్రమాదముందని తేలితే ఒక్కరోజు ఆలస్యం చేయకండి, కోర్టుకెళ్లండి. లేదని తేలితే, బిడ్డ ఆ మాట ఎందుకన్నాడో మిమ్మల్ని మీరు ప్రశ్నించుకోండి. చాలాసార్లు జవాబు మీ ముఖంలోనే ఉంటుంది. భార్యాభర్తలుగా మీ సంబంధానికి కోర్టు ముగింపు రాయగలదు. తల్లీ తండ్రీ అన్న సంబంధానికి ముగింపు రాసే అధికారం ఏ కోర్టుకూ లేదు, మీకూ లేదు. అది బిడ్డది, బిడ్డకే వదిలేయండి.